భూమి కింది రైలు, మా మడ్డి గుంత

కిందటి నెల నిజామాబాదులో మా పాత చక్కెర మిల్లువాళ్ళు ఒకచోట కలిశారు. నన్నూ పిలిచారు. మిల్లు పెట్టిననాటి నుంచి మూసిననాటి వరకు అందులో పనిచేసిన ఇంజనీర్లలో బతికి ఉన్నది నేనొక్కడినే కాబట్టి పిలవక తప్పలేదు. పిలిచి రెండో వరుసలో, స్తంభం వెనక కుర్చీ వేశారు. మైకు దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది నా పేరెత్తారు. ఎత్తినవాళ్ళంతా ఒక్క సంగతే చెప్పారు. లండన్‌లో భూమి కింద నడిచే రైలు దగ్గర లింబాద్రి భయపడి అగ్గిపుల్లలు గీశాడట. సభ నవ్వింది. మొదటి వరుసలో శాలువా కప్పుకొని కూర్చున్న మా పాత మేనేజరు వామన్‌రావు గారు కూడా నవ్వారు. నేను మాట్లాడతానని చెయ్యెత్తాను. భోజనాల వేళయిందన్నారు.

ఇన్ని ఏండ్లుగా ఇదే వరస. ఆ కథ అందరికీ నోటికి వచ్చు. కానీ అది సగం కథ. మిగతా సగం చెప్పే అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ నవ్వు వల్ల పోశన్న అనే మనిషి ప్రాణం పోయింది. పోయాక తాగుబోతు అనే పేరు కూడా ఆయన మీద వేశారు. ఆ పేరు ఇంకా తీసెయ్యలేదు. మైకు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. యంత్రాల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదివితే చాలు. పెద్దల్లో ఒక్కరు చదివితే ఇంకా మంచిది.

నా పని

మాది మాక్లూర్ దగ్గర పల్లె. ఇంట్లో పసుపు, వరి, జొన్న పండేవి. నేను హైదరాబాదులో మెకానిక్ చదువు చదువుకొని వచ్చేసరికి కాలువ నీళ్ళు పారి బోధన్ చుట్టూ ఎక్కడ చూసినా చెరకే. ముప్పైల చివరి రోజులవి. బోధన్ అనగానే అందరికీ పెద్ద కార్ఖానా గుర్తొస్తుంది. నేను పనిచేసింది అందులో కాదు. వర్ని దారిలో ఒక సేటు పెట్టిన చిన్న మిల్లు మాది. ఇప్పుడు ఆ జాగాలో దాని పొగగొట్టం కూడా లేదు. చెరకు పిండే రోలర్ల నుంచి బాయిలరు దాకా ఇనుముతో చేసినదంతా నా చేతికింద ఉండేది.

ఇంజనీరు పని అంటే యంత్రాన్ని నడపడం అనుకుంటారు. సగం పని అదే. మిగతా సగం 'ఆగు' అని చెప్పడం. రోలరు మధ్య చెయ్యి పెట్టబోయేవాడికి, బాయిలరు మూత ఆత్రంగా విప్పబోయేవాడికి, ఆగు అని చెప్పాలి. చెప్పగానే వాడు ఆగాలి. ఎందుకని అడిగే వ్యవధి అక్కడ ఉండదు. అందుకే మా పనిలో మనిషికి ఉన్న అసలు ఆస్తి తన మాటకున్న విలువ. జీతం పెరిగిందా, బంగళా ఇచ్చారా అన్నది తరువాతి సంగతి. నా మాటకున్న విలువ లండన్‌లో పోయింది. ఎట్లా పోయిందో చెబుతాను.

పాతర

ముందు మా ఇంటి వెనకనున్న పాతర గురించి చెప్పాలి. జొన్నలు ఎక్కువ పండిన ఏడు మా వైపు రైతులు నేలలో గుంత తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, మట్టితో మూసేసేవారు. దాన్ని పాతర అంటారు. ఏడాదికో రెండేండ్లకో తీసేవారు. మూత తీసిన వెంటనే ఎవరూ దిగరు. లోపల గింజలు ఊపిరి తీసి పాడుచేసిన గాలి ఉంటుంది. అది బరువైన గాలి, అడుగునే కూర్చుంటుంది. రంగు లేదు, వాసన కూడా ఎక్కువ ఉండదు. అందుకని తాడుకు దీపం కట్టి దింపుతారు. వెలుగుతుంటే మనిషి దిగుతాడు. ఆరిపోతే వేపరెమ్మలు కట్ట కట్టి తాడుతో పైకీ కిందికీ ఆడిస్తారు, గాలి మారేదాకా. మళ్ళీ దీపం దింపుతారు.

మా పెద్దబాపు, అంటే నాన్న అన్న, ఒకసారి తొందరపడి దీపం దింపకుండా దిగాడు. నేను చూస్తుండగానే మెడ వాలిపోయింది. పైకి తీసుకురాగలిగారు, బతికాడు, కానీ తరువాత నలుగురిలో మాట తడబడేది. అప్పటి నుంచి నేల కిందికి దిగే ఏ చోటయినా నాకు మొదట గుర్తొచ్చేది దీపం. ఇది పిరికితనమని మైకులో చెప్పినవాళ్ళు ఎవరూ పాతర చూసినవాళ్ళు కారు.

కదిలే మెట్లు

మా సేటు కొత్త రోలర్లు కొనలేక లండన్‌లో ఒక యార్డులో వాడిన రోలర్లు మంచివి ఉన్నాయని విని, చూసి కొనడానికి వామన్‌రావు గారిని, నన్ను పంపాడు. వామన్‌రావు గారు బేరంలో దిట్ట. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి, నేనూ ఒప్పుకుంటాను. ఇనుము మంచిదో కాదో మాత్రం ఆయనకు తెలియదు. అందుకే నన్ను తీసుకుపోయారు. ఓడలో ఆయనకు కిటికీ గది, నాకు ఇంజను పక్కన పరుపు. దాని సంగతి ఇక్కడ వద్దు.

లండన్‌లో యార్డు ఊరికి అవతలి పక్క ఉంది. యార్డు గుమాస్తా, గొడుగు పట్టుకున్న ఒక సన్నటి మనిషి, మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. రైలులో పోదామన్నాడు. రైలంటే మనకు తెలిసిన రైలే అనుకున్నాను. ఆయన ఒక ఇంట్లోకి తీసుకుపోయినట్టు తీసుకుపోయి, టికెట్లు తీసి, ఒక పెద్ద ఏటవాలు సొరంగం ముందు నిలబెట్టాడు. మెట్లు తమంతట తామే కిందికి పోతున్నాయి. వాటి మీద నిలబడ్డ మనుషులు కదలకుండా, మాట్లాడకుండా, వరసగా నేలలోకి దిగిపోతున్నారు.

మెట్లు కదలడం నన్ను భయపెట్టలేదు. వంగి గొలుసు ఎక్కడ తిరుగుతుందో చూశాను కూడా. నాకు దిమ్మతిరిగింది లోతు చూసి. మా ఊళ్ళో ఏ బావీ అంత లోతుండదు. పిల్లలను ఎత్తుకున్న తల్లులు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, పెండ్లికి పోతున్నట్టు మంచి బట్టలు కట్టుకున్నవాళ్ళు, అందరూ దిగుతున్నారు. దిగే ముందు ఒక్కరూ ఏమీ చూడలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంత చదువుకున్న దేశంలో, ఇంత లోతుకు, ఇంతమంది, దీపం లేకుండా. మెట్ల ముందే ఆగిపోయాను.

"ఏందయ్యా లింబాద్రీ, నడువ్" అన్నారు వామన్‌రావు గారు.

"సాబ్, కింద గాలి ఎట్లున్నదో?"

"గాలి గాలి లెక్కనే ఉంటది. నడువ్."

బాయిలరు పొయ్యి ముట్టించడం నా పని కాబట్టి జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. మెట్టెక్కి ఒక పుల్ల గీశాను. వెలిగింది. సగం దూరం పోయాక ఇంకోటి గీశాను. వెలిగింది. మెట్ల అడుగుకు చేరబోతుండగా మూడోది గీశాను. మంట ఒక్కసారి వంగి ఆరిపోయింది. మళ్ళీ గీశాను. మళ్ళీ ఆరింది.

తరువాత నేను చేసింది ఇప్పటికీ తప్పనుకోను. మెట్ల అడుగున అడ్డంగా నిలబడి రెండు చేతులు చాపి, "దిగకుండ్రి, పైకి పోండ్రి" అని అరిచాను. తెలుగులోనే అరిచాను, ఇంగ్లీషు నోట రాలేదు. ఆ మెట్లు ఆగేవి కావు కదా. వెనకవాళ్ళంతా వచ్చి నా మీద పడ్డారు. ఒకామె టోపీ కింద పడి దొర్లింది. ఒకాయన పత్రికతో నా భుజం మీద మెల్లగా తట్టి పక్కకు జరగమన్నట్టు చూశాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నన్ను పిచ్చివాడనుకొని దారి మార్చుకొని పోయారు.

వామన్‌రావు గారు నా కాలరు పట్టుకొని గోడవారకు గుంజారు.

"పాగలైనవా? నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"దీపం ఆరింది సాబ్. కింద గాలి మంచిగ లేదు."

అప్పుడే సొరంగం నోట్లోంచి పెద్ద గాలి కొట్టింది. వెచ్చటి గాలి, ఇనుపపొడి వాసన. నా తలమీది టోపీ లేచి ఆ టోపీపోయినామె కాళ్ళ దగ్గర పడింది.

"గాలి లేకుంటే నీ టోపీ ఎట్ల ఎగిరింది రా?" అన్నారు ఆయన. గుమాస్తాకు ఇంగ్లీషులో చెప్పి ఇద్దరూ నవ్వారు.

రైలు వస్తూ ముందున్న గాలిని నెట్టుకొస్తుందని తరువాత అర్థమైంది. కానీ తెలియని గుంతలో దీపం ఆరితే, ఎందుకు ఆరిందో తెలిసేదాకా ఆగడమే మనిషి చేయవలసింది. ఆ మాట ఆ రోజూ అన్నాను. ఇప్పుడూ అంటున్నాను.

రైలులో

లాక్కుపోయి ఎక్కించారు. తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి. కిటికీ బయట చూడడానికేమీ లేదు, నల్లటి గోడ, దాని మీద పాముల్లాంటి తీగలు. చప్పుడు చెవుల్లో దూరి దవడ దాకా వచ్చింది. పక్కపక్కన మోకాళ్ళు తగులుతూ కూర్చున్న మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మా వైపు బస్సులో ఇంతసేపు కూర్చుంటే ఎవరి కూతురిని ఎవరికిచ్చారో తెలిసిపోతుంది. ఇక్కడ బతికి ఉన్నారా అని అనుమానం వచ్చేటంత మౌనం.

కొంతదూరం పోయాక రైలు సొరంగం మధ్యలో ఆగింది. దీపాలు మందగించాయి. చప్పుడు పోయింది. ఛాతీ మీద ఎవరో పసుపు బస్తా పెట్టినట్టయింది. చుట్టూ చూశాను. ఎవరైనా తలెత్తుతారేమో, గార్డును అడుగుతారేమో అని. ఎదుటివాడు పత్రిక పేజీ తిప్పాడు. ఒక ముసలమ్మ కునుకు తీస్తోంది. నన్ను నిజంగా వణికించింది అదే. తమ ఊపిరి ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఉండబట్టలేక పుల్ల గీశాను. మంట నిటారుగా నిలబడింది. ఊపిరి పీల్చుకున్నాను. ఇంతలో పక్కనున్న బొగ్గుచేతుల మనిషి సిగరెట్టు నోట్లో పెట్టుకొని ముందుకు వంగి నా మంటలో ముట్టించుకున్నాడు. తల ఊపి ఏదో మంచిమాట అన్నాడు. ఆ రైలుపెట్టెలో చాలామంది పొగ తాగుతున్నారు, నేను గమనించనే లేదు. రైలు కదలలేదు. ఇంకో పుల్ల గీశాను. ఎదుటివాడు పైపు పట్టుకొని వంగాడు.

వామన్‌రావు గారు చివరి సీటులోంచి చూస్తున్నారు.

"శభాష్. దొరలకు సిగరెట్లు ముట్టించే నౌకరి మంచిగ దొరికింది నీకు. ఈడనే ఉండిపో" అన్నారు.

రైలు కదిలింది. కథ ఇక్కడితో అయిపోతుంది. అంటే, మైకులో చెప్పే కథ.

గాలి చూసే మనిషి

దిగిన స్టేషనులో నేను పైకి పోనన్నాను. గాలి సంగతి ఎవరు చూస్తారో తెలిసేదాకా కదలనని నాకు వచ్చిన ఇంగ్లీషులో గుమాస్తాకు చెప్పాను. ఆయన విసుక్కున్నాడు కానీ మర్యాదస్తుడు. స్టేషను ఉద్యోగిని అడిగాడు. ఆ ఉద్యోగి నన్ను ఎగాదిగా చూసి, ప్లాట్‌ఫారం చివర ఒక ఇనుప తలుపు తీశాడు.

లోపల మా మిల్లు గాలిపంకా కంటే ఎన్నో రెట్లు పెద్ద పంకా తిరుగుతోంది. నూనె వాసన, బెల్టు చప్పుడు. నా ఒళ్ళు అప్పుడు తేలికపడింది. దాని దగ్గర ఒక లావుపాటి మనిషి పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. నేను సైగలతో, మాటలతో, అగ్గిపెట్టెతో నా సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

నాకు అర్థమైనంతవరకు ఆయన చెప్పింది ఇది. ఈ పంకా చెడిన గాలిని పైకి లాగేస్తుంది, ఆగితే పైవాళ్ళు ఆయనను బతకనివ్వరు. ఆయన తండ్రి బొగ్గుగనిలో పనిచేశాడు. అక్కడ దీపం పట్టుకోకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు. ఆ దీపానికి చుట్టూ గాజు, జల్లెడ ఉంటాయి. "ఉట్టి పుల్ల పనికిరాదు, గాలికి ఆరుతుంది, అప్పుడు నీకు తెలిసేదేమీ ఉండదు. గాజున్న దీపం వాడు, అది గాలికి ఆరదు" అని చెప్పి నా చెయ్యి పట్టుకొని ఊపాడు.

అంటే ఆ దేశంలో దీపం లేకుండా దిగుతున్నారని నేననుకోవడం పొరపాటే. వాళ్ళ కోసం ఇంకొకరు ముందే చూసిపెడుతున్నారు. జనం నిశ్చింతగా పత్రిక చదువుకోవడానికి కారణం ఆ ఇనుప తలుపు వెనకనున్న మనిషి. ఇది నా పని జీవితంలో నేర్చుకున్న పెద్ద పాఠం. వామన్‌రావు గారు ఆ తలుపు దగ్గరే నిలబడి మొత్తం విన్నారు. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే మంచిది. నాకు అర్థం కాని ఒకటి రెండు మాటలు ఆయనే విప్పి చెప్పారు కూడా.

అగ్గిపుల్ల ఇంజనీరు

మేము తిరిగి వచ్చిన వారానికే మిల్లంతా కథ పాకింది. మెట్ల మీద చేతులు చాపడం ఉంది, టోపీ ఎగరడం ఉంది, దొరలకు సిగరెట్లు ముట్టించడం ఉంది. ఇనుప తలుపు లేదు. నా పేరు అగ్గిపుల్ల ఇంజనీరు అయింది. నేను పోతుంటే గానుగ దగ్గరి కుర్రకారు పుల్ల గీసి, "ఎలుగుతున్నది సాబ్, రావొచ్చు" అనేవాళ్ళు. నవ్వితే నవ్వారులే అనుకునేవాడిని కాదు. అలా అనుకునే స్వభావం నాది కాదు. ప్రతివాడి పేరూ గుర్తుంది.

అయినా నాకు కావలసిన పని ఒకటి ఉంది. చెరకు రసం చక్కెరయ్యాక నల్లటి చిక్కటి పాకం మిగులుతుంది. మొలాసిస్ అంటారు, మా దగ్గర మడ్డి అనేవాళ్ళం. దాన్ని నిలవచేయడానికి మా మిల్లులో నేలలో రాతితో కట్టిన గుంత ఉండేది, పైన మూత, ఒక మనిషి దిగేంత సందు. మడ్డి ఊరికే ఉంటే ఏమీ కాదు. అందులో నీళ్ళు కలిస్తే పులుస్తుంది. పులిస్తే పాతరలో పుట్టే గాలే పుడుతుంది, ఇంకా ఎక్కువగా. అందుకని గుంత కడగడానికి మనిషి దిగేముందు గాజు లాంతరు దింపాలని, ఆరితే కమ్మరి కొలిమి తిత్తితో గొట్టం పెట్టి గాలి ఊదాలని, దిగేవాడి నడుముకు తాడు కట్టాలని నేను వామన్‌రావు గారిని అడిగాను. ఎన్నోసార్లు అడిగాను.

"ఇది లండన్ రైలు కాదు లింబాద్రీ, మడ్డి గుంత" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. మాట అక్కడితో అయిపోయేది.

మీ పై అధికారి మీ మాట కాదంటే భరించవచ్చు. కాదనడానికి కారణం చెప్పవలసి వస్తుంది, కారణంతో వాదించవచ్చు. మీ మాటను నవ్వులాట చేస్తే మాత్రం జాగ్రత్తపడండి. నవ్వుతో వాదించడానికి వీలుండదు.

గుంత

దసరా వెళ్ళిపోయింది. చెరకు ఆడించే కాలం మొదలుకాబోతోంది. మరునాడు సేటు పూజకు వస్తున్నాడు, గుంత శుభ్రంగా ఉండాలి. ఆ ఏడు వానలు బాగా కురిసి మూత సందుల్లోంచి గుంతలోకి నీళ్ళు దిగాయి. పై మడ్డి తోడేశారు, అడుగున కొంత మిగిలింది. మూత తీయగానే పులుపు వాసన ముక్కుకు తగిలింది. మడ్డి మీద బుడగలు కనిపించాయి.

గుంత కడిగే ముఠాకు పెద్ద పోశన్న. మంచి బలమైన మనిషి, నోటి దురుసు, మనసు మెత్తన. ఆ రోజు సోమవారం. శివుడికి ఒక్కపొద్దు ఉన్నాడు, తెల్లవారినప్పటి నుంచి నా కళ్ళ ముందే పనిచేస్తున్నాడు. పక్కన వాళ్ళ బామ్మర్ది గంగారాం.

నేను గాజు లాంతరు తాడుకు కట్టి దింపాను. సగం దూరం పోయేసరికి మంట పొట్టిదయింది. ఇంకొంచెం దింపగానే ఆరిపోయింది. పైకి తీసి ముట్టించి మళ్ళీ దింపాను. అక్కడికే పోయి ఆరింది.

"పోశన్నా, దిగకు. తిత్తి తెప్పిస్త. ఒక పూట ఊదినంక దిగుదువు."

"ఒక పూట పోతే సేటు వచ్చేయాల్లకు గుంత ఎట్ల తయారైతదన్నా?"

"సేటుకు నేను చెప్త."

వామన్‌రావు గారు అప్పుడే అటు వచ్చారు. ఏమిటి ఆలస్యమన్నారు. లాంతరు ఆరిందని చెప్పాను. ఆయన గుంత అంచుదాకా వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకొని, తానే లాంతరు దింపారు. అది ఆయన చేతిలోనే ఆరింది.

"గాలికి ఆరింది" అన్నారు. "లండన్ల గూడ గిట్లనే ఆరింది. ఎవడన్న సచ్చిండా ఆడ?"

ముఠా అంతా గొల్లుమన్నది. పోశన్న కూడా నవ్వాడు. నేను ఆయన భుజం పట్టుకున్నాను.

"ఇడువు అన్నా" అన్నాడు పోశన్న, కసురుకోకుండా. "నువ్వు మీద అగ్గిపెట్టె పట్టుకొని నిలబడు. నేను వచ్చి బీడీ ముట్టించుకుంట."

నిచ్చెన మీద దిగాడు. తల సందు కిందికి పోయింది. బొక్కెన రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. తరువాత ఏమీ లేదు.

గంగారాం పిలిచాడు. పలకలేదు. "బావా, ఏషాలెయ్యకు" అన్నాడు. పలకలేదు. వాడు నిచ్చెన మీద కాలు పెట్టాడు. నేను నడుము పట్టుకొని వెనక్కి గుంజాను, మొహం మీద గుద్దాడు, అయినా వదలలేదు. ఇంకో ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. కొక్కెం వేసి చూశాం, నడుముకు తాడు లేదు కాబట్టి దొరకలేదు. కొలిమి తిత్తి తెచ్చాం. గొట్టం దింపి ఊదాం. అప్పుడు లాంతరు దింపితే అడుగుదాకా పోయి వెలుగుతూ నిలబడింది. ఆ వెలుతురులో పోశన్న బోర్లా పడి కనిపించాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. కావలసిందంతా ఆ మిల్లులోనే ఉంది, ఆ తిత్తి నడక దూరంలోనే ఉంది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

నువ్వెందుకు ఇంకా గట్టిగా ఆపలేదని ఈమధ్య ఒకాయన అడిగాడు. ఆపాను. భుజం పట్టుకొని ఆపాను. నా చేతిలో ఉన్నది అంతే. ఆయనను దింపింది నవ్వు. ఆ నవ్వు నాది కాదు.

అమీను ముందర

బోధన్ నుంచి పోలీసు అమీను వచ్చాడు. ఎట్లా పోయాడని అడిగాడు. నేను నోరు తెరవకముందే వామన్‌రావు గారు, "కల్లు తాగి దిగిండు. జారి పడ్డడు" అన్నారు. మిల్లు తప్పు అయితే పోశన్న ఇంటివాళ్ళకు ఏదో చూడవలసి వస్తుంది. తాగినవాడి తప్పు అయితే ఎవరూ ఏమీ చూడనక్కరలేదు.

నేను ఉర్దూలో గట్టిగా చెప్పాను. ఆ రోజు ఆయనకు ఒక్కపొద్దని, తెల్లవారినప్పటి నుంచి నా ముందే ఉన్నాడని, గుంతలో చెడు గాలి ఉందని, లాంతరు ఆరిందని.

అమీను నా వైపు తిరిగాడు. "లండన్‌ల అగ్గిపుల్లలు గీసింది నువ్వేనా?" అన్నాడు.

ఆ కథ పోలీసుదాకా పోయిందని అప్పుడు తెలిసింది. అమీను నా మాట రాయించలేదు. పక్కనే ఉన్న గంగారామును అడగనే లేదు. ఇద్దరం బయటికి వచ్చాం. ఒక రైలులో ఒక పూట కూర్చున్నందుకు ఇంత దూరం వస్తుందని నేను ఎట్లా ఊహిస్తాను?

తరువాత మడ్డి గుంతకు లాంతరు కట్టుబాటు పెట్టించాను. గంగారాం, మిగతా ముఠా నా పక్క నిలబడి, లాంతరు వెలగనిదే దిగేది లేదన్నారు. అప్పుడు కుదిరింది. ఆ తరువాత మా మిల్లులో ఆ గుంతలో ఎవరి ప్రాణమూ పోలేదు. పిల్లలకు చెప్పేది ఇదే. మీ అధికారిని ఒప్పించలేకపోతే దిగేవాళ్ళతో కూర్చోండి. ప్రాణం వాళ్ళది, వాళ్ళకు త్వరగా అర్థమవుతుంది. నేను ఆ పని పోశన్న ఉండగా చేసి ఉంటే బాగుండేదని అంటారా, అప్పుడు వాళ్ళు కూడా నవ్వుతున్నారు. నవ్వించినవాడు ఎవరో పైన రాశాను.

జవాబు

పోశన్న భార్య లచ్చవ్వ నిజామాబాదులో బీడీలు చుట్టి పిల్లలను పెంచింది. ఇప్పుడు చూపు ఆనదు, అయినా చేతి అలవాటుతో ఆకు కత్తిరిస్తుంది. బిడ్డకు సంబంధాలు చూసినప్పుడు రెండు చోట్ల తండ్రి తాగి చచ్చాడట కదా అని అడిగారు. సభ అయిన మరునాడు నేను వాళ్ళింటికి పోయాను.

"మీటింగుల ఏమన్నరే అన్నా?" అని అడిగింది.

"నా కథ చెప్పిండ్రు."

"మా ఆయన కథ?"

"చెప్పలే."

ఆమె చేతిలోని ఆకు పక్కన పెట్టింది. "నాకు పైస వద్దు, ఏం వద్దు. ఆయన తాగలేదని ఆ పెద్దసారు నోటితోని ఒక్కసారి అనిపియ్యి. నా మనుమలు వినాలె" అన్నది.

వామన్‌రావు గారూ, మీరు హైదరాబాదులో ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నారు, సభలకు రాగలుగుతున్నారు. నేను రెండుసార్లు మీ ఇంటికి వచ్చాను. ఒకసారి నిద్రపోతున్నారన్నారు, ఒకసారి ఊళ్ళో లేరన్నారు, లోపలి నుంచి మీ దగ్గు వినబడింది. అందుకే నలుగురూ చదివే చోట అడుగుతున్నాను. నేను భయపడ్డానా లేదా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. భయపడ్డాను, రాశాను కూడా. నేను అడిగేవి రెండే. ఆ ఇనుప తలుపు దగ్గర గాజున్న దీపం గాలికి ఆరదని ఆ లావుపాటి మనిషి చెబుతుంటే నాతోపాటు విన్నారు. మీ చేతిలో తాడు ఉండగా ఆరింది గాజు లాంతరు. అది గాలికి ఆరిందని మీరు నమ్మి అన్నారా, నమ్మకుండా అన్నారా? ఒక్కపొద్దున్న మనిషి తాగాడని ఎవరు చూసి చెప్పారు?

నాకు జవాబు రాయనక్కరలేదు. లచ్చవ్వ ఇంటికి రండి. దారి నేను చూపిస్తాను. ఆమె మనుమలు ఇంట్లో ఉన్నప్పుడు, వాళ్ళ ముందర చెప్పండి.